మగ్గం గుంతల మెంతంకూర

"మంగళా! మీ తాతను అడుగు. నిన్న మాపు ఈ గుంతల ఏం పోసిండో అడుగు!"

చంద్రభాగ అరుపుకు వాడాల నాలుగిండ్లు నిద్ర లేచినయి. దాజీపేట మట్టిగోడలు మాటలను ఆపుతయా? ఆపవు. పక్కింట్ల దగ్గు వినవడితే ఈ ఇంట్లకెల్లి మంచినీళ్లు తీసుకపోయే తీరు అక్కడిది.

ఐదేండ్ల మంగళ గడపల కూసొని నిన్నటి జొన్నరొట్టె నములుతున్నది. అమ్మ మాటను తాతకు, తాత మాటను అమ్మకు మోసుడే ఆ పిల్ల కొలువు. ఎందుకంటే ఆ ఇంట్ల కోడలు మామకు ఎదురుంగ నిలవడి మాట్లాడొద్దు. అత్త బతికున్నన్ని దినాలు అత్త మోసింది. అత్త పోయినంక మగడు మోసిండు. మంగళకు మాటలు రాంగనే అందరు కలిసి ఆ బరువు పిల్ల నెత్తిన పెట్టిండ్రు. కాపురానికొచ్చి ఏడేండ్లాయె, చంద్రభాగ ఒక్కనాడన్న మామ మొఖం చూసి మాట్లాడలే.

"తాతా, నిన్న ఏం పోసినవంట?" అన్నది మంగళ, నోట్ల రొట్టె నోట్ల ఉండంగనే.

పెంటప్ప మంచం మీద కూసొని ఉన్నడు. తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నడు.

నిన్న పొద్దుగూకేదాక మగ్గం గుంతల మెంతంకూర పచ్చగ నిలవడి ఉండె. జానెడెత్తు పెరిగింది. ఇంక రెండు దినాలైతే ఇంకో కోతకు వస్తుండె. ఇయ్యాల పొద్దుగాల లేచి చూస్తే కాడలన్ని మెడలు వాల్చి మట్టికి అంటుకొని పడున్నయి. తాకితే చేతికి మెత్తగ అంటుతున్నయి. మట్టి మీద అక్కడక్కడ నీలంగ పేరుకున్నది.

ఆ నీలం ఏందో సాలోల్ల ఇంట్ల పుట్టిన ఆడిపిల్లకు ఒకలు చెప్పాల్నా? మైలుతుత్తం. నూలుకు పట్టిచ్చే గంజికి బూజు రాకుండ కలిపే విషం. నూలు ఇయ్యాల వస్తది రేపు వస్తదని చంద్రభాగ మగడు దత్తాత్రి నాలుగు దినాల కిందనే గంజి కాచి, మైలుతుత్తం దిట్టంగ కలిపి, మూలకు పెట్టిండు.

చంద్రభాగ ఆ వాడిన కాడలను రెండు చేతులల్ల పట్టుకొని కూలవడ్డది. అది కూర అయితే అంత ఏడుపు రాకపోవు. అది మంగళ కండ్లు.

మంగళకు రేచీకటి. పొద్దుగూకిందంటే పిల్ల నిలవడ్డ జాగల్నే నిలవడిపోతది. సిద్ధరాములు వైద్యుడు కంటి రెప్ప లేపి చూసి చెప్పిండు: "దీనికి నా దగ్గర పొట్లాలు లేవు తల్లీ. ఆకుకూర పెట్టు. దినాం రెండు పూటల, పిడికెడు పిడికెడు, రెండు నెలలు తప్పకుండ. పెట్టకుంటే మాపటి చూపు పోయినట్టే పొద్దటి చూపు గూడ పోతది. గుడ్డు మీద తెల్లపొర కమ్మిందంటే నాతోని గాదు, ఎవలతోని గాదు."

ఆకుకూర పెట్టుమన్నడు. పుణ్యాత్ముడు, ఏడికెల్లి తేవాల్నో చెప్పలే. లడాయి దినాలు. రేశన్ దుకాణంల పురుగు జొన్నలు దొరుకుడే గగనం. కూరగాయల మండైల ఆకు కనవడితే, మనం పోయేటప్పటికి ఎవలో ఎత్తుకపోతరు. వాడా ముంగట వేద్దామంటే పది ఇండ్ల మేకలు ఆడనే తిరుగుతయి, మొలక మొఖం గూడ చూడనియ్యవు. ఇంట్ల వేద్దామంటే ఎండ రావాలె. మట్టి మిద్దెకు ఒక్కటే కంత. ఆ కంతల నుంచి దిగే ఎండ నేరుగ పడేది మగ్గం మీదనే. పోగు మంచిగ కనవడాలని పెంటప్ప తండ్రి కంత కిందనే గుంత తవ్వి మగ్గం నిలవెట్టిండు.

మగ్గం నాలుగు నెలల సంది మూగవడి ఉన్నది. నూలు లేదు. అందుకే చంద్రభాగ ఒకనాడు గుండె రాయి చేసుకొని, కాళ్లతోని తొక్కే చెక్కలను విప్పి గోడకు కట్టి, కూలిన వెనకగోడ మట్టిల మేక పెంటికలు కలిపి, గుంతను మూడొంతులు నింపి మెంతులు చల్లింది.

ఆ దినం పెంటప్ప మొఖం చూడాలె! "మంగళా, మీ అమ్మను అడుగు. నేను మొక్కి దిగే గుంతల మేక పెంటికలు పోస్తదా? నా నాయిన కాళ్లు, నా కాళ్లు ఆడిన జాగ గాదా అది?"

"మంగళా, మీ తాతను అడుగు. గుంత ఎక్కువనా, నీ కండ్లు ఎక్కువనా?"

పెంటప్ప గుంతను ఇడిసిపెట్టిండు. కాని ఆ గుంతల మొలిచిన కూర మాత్రం ఒక్కనాడు నోట్ల పెట్టలే. పెట్టబోతే అన్నం తాటె పక్కకు జరిపి, "గడ్డి తినుటానికి నేనేమన్న ఎద్దునా? పిల్లకు వెయ్యుమను" అనేటోడు.

నెల దినాలు కూర తిన్నంక, మొన్న మాపటికి దీపం వెలుగుల మంగళ అమ్మ మొఖం పట్టి చూసి, "అమ్మా, నీ ముక్కుపుల్ల మెరుస్తుంది" అన్నది. చంద్రభాగ ఆ రాత్రి సంతోషంతోని అన్నం తినలే. ఇంకొక్క నెల, ఒక్క నెల నడిస్తే చాలనుకున్నది. ఇప్పుడు చూడు!

చంద్రభాగ లేచింది. కొంగు నెత్తి మీదికెల్లి జారింది. సర్దుకోలే. మంచం ముంగటికి పోయి మామ మొఖంలకు చూసింది.

"మీరే పోసిండ్రు గదా?"

మంగళ నోరు తెరిచి చూసింది. తన కొలువు పోయిందని ఆ పిల్లకు ఆ క్షణంల తెలిసిపోయింది.

పెంటప్ప గోడకు చూసుకుంట అన్నడు, "ఔ. నేనే పోసిన."

"ఎందుకు?"

ఆయన తల కిందికి ఒంచిండు.

అంతల దత్తాత్రి మొఖం కడుక్కొని తువ్వాలతోని తుడుచుకుంట లోపలికి వచ్చిండు. గుంత చూసిండు. పెండ్లాం చేతులల్ల వాడిన కాడలు చూసిండు. తండ్రి ఒంగిన తల చూసిండు.

"నాయినా, నిజమా?"

"నిజమే."

"గంజి పోసినవా? మైలుతుత్తం గంజి?"

"అదే అయ్యుంటది. మట్టి మీద నీలం తేలింది గదా."

"నాయినా, గుంత మీద నీకు ప్రేమ, పావురం ఉంటే మగ్గం మీద మొక్కు. పిల్ల కండ్ల మీద పోస్తవా?" దత్తాత్రి పుట్టి బుద్ధెరిగినంక తండ్రి మీద గొంతు లేపింది అదే మొదలు. లేపినంక దించుడు చాతగాలే. "పున్నానికి మగ్గం ఆడాలె, మన కులదేవుడు మార్కండేయుని రథం నాటికి ఆడాలె అని పోరు పెడ్తివి. నూలు తెచ్చుటానికి నేను దినాం లైన్ల నిలవడి కాళ్లు వాపిచ్చుకుంటున్న. నీకు ఆ గుంత ఖాళీ కావాలె, అంతే గదా? నోరిడిచి చెప్తే కాదంటుంటిమా?"

పెంటప్ప కండ్లు ఎత్తి కొడుకును ఒక్కసారి చూసిండు. ఏదో చెప్పబోయి, మంగళ దిక్కు చూసి ఆగిపోయిండు.

"మంగళా," అన్నడు మెల్లగ, "మీ నాయినకు చెప్పు. జోడ్‌భావి పేటకు, మీ రామన్న చిన్నాయిన ఇంటికి పోత. ఈ ఇంట్ల నా చెయ్యి మంచిగ పని చేస్తలేదు."

"పో!" అన్నడు దత్తాత్రి. టోపీ నెత్తిన పెట్టుకొని బయటికి పోయిండు. పోయిన నాలుగు అడుగులకే ఆ మాట ఎందుకన్ననని ఆయనకు అనిపిచ్చే ఉంటది. కాని మొగోనికి వెనకకు తిరుగుడు అంత అల్కగ వస్తదా?

ఇంట్ల మిగిలింది ముగ్గురు, ఒక వాడిన గుంత.

కొంత సేపటికి పక్కింటి సుందరాబాయి వచ్చింది. వచ్చుడుకు ఒక సాకు కావాలె కాబట్టి నిప్పు అడుగుటానికి చిప్ప పట్టుకొని వచ్చింది. మరాఠీ మాట కలుపకుంటే ఆమెకు నోరు తెరువబుద్ధి గాదు. "కాయ్ ఝాల గ చంద్రీ, ఏమైందే? అగ్గబాయ్! అంతా పాయెనా? నేను ముందే అనుకున్న. ముసలోల్లకు మనసుల పెట్టుకునే రోగం ఉంటది..."

"సుందరక్కా," అన్నది చంద్రభాగ. "మా మామను నేనంట. మీరు అనకుండ్రి. నిప్పు తీసుకొని పోండ్రి."

సుందరాబాయి చిప్ప నిండ నిప్పు, మొఖం నిండ కోపం పెట్టుకొని పోయింది. మంచం మీద పెంటప్పకు ఆ మాట వినవడ్డది. ఆయన తువ్వాల తీసి మొఖం తుడుచుకున్నడు.

సుందరాబాయి మీద చూపిచ్చిన పౌరుషం చంద్రభాగ లోపలి మంటను చల్లార్చలే. ఇల్లు ఊడుస్తుంటే చీపురుకు దారం తాకింది. ఆ దారం గురించి చెప్పాలె. మంగళకు చూపు తగ్గిందని ముందుగాల కనిపెట్టింది పెంటప్పనే. అందరికంటె ముందు ఆయననే, "పిల్లకు మాపు కనవడతలేదు, వైద్యునికి చూపెట్టుమని మీ అమ్మకు చెప్పు" అన్నడు. ఆ మరునాడే మిగిలిన ముక్క పోగులన్ని పేని, వేలంత లావు దారం చేసి, మంచం కాలుకెల్లి ఇల్లంత తిప్పి కట్టిండు. మంగళ చేతికి అందేటంత ఎత్తుల. ఒక్క ముడి ఉన్న కాడ గడప. రెండు ముడులున్న కాడ కుండలు, తపేలలు. మూడు ముడులు వస్తే మగ్గం గుంత, అక్కడ ఆగాలె. మంగళ పొద్దుగూకినంక ఆ దారం పట్టుకొని, ముడులు లెక్కవెట్టుకుంట, ఇంట్ల రాణి తీరుగ తిరిగేది.

"ఇటు దారం కట్టి, అటు విషం పోస్తరు," అన్నది చంద్రభాగ. ఎవలతోనో చెప్పలే. దారాన్ని గోడకెల్లి పీకింది. చేతికి చుట్టుకుంట చుట్టుకుంట ముడి ముడి ఊడదీసి, ఉండ చేసి గూట్ల పారేసింది. "నా పిల్లను నేనే పట్టుకొని తిప్పుకుంట. ఎవల పావురం మాకు వద్దు."

పెంటప్ప చూసిండు. ఒక్క చెయ్యి లేచింది, మళ్ల దిగింది.

పగటికి చంద్రభాగ రొట్టె, చింతపండు చారు తాటెల పెట్టి మంచం కాడ పెట్టింది. "తినుమను" అని మంగళతోని చెప్పలే. పెంటప్ప ముట్టలే. నడుమ నిలవడ్డ మంగళకు ఆకలిగాని, అలకగాని పట్టదు. కొలువు ఉంటే చాలు. పిల్ల తాత దగ్గరికి పోయి, అమ్మ అననే అనని మాట చెప్పింది: "తాతా, అమ్మ తినుమన్నది. తినకపోతే నా మీద ఒట్టంట."

పెంటప్ప నిజమే అనుకున్నడు పాపం. ఒక్క రొట్టె తిన్నడు.

మంగళ వంటింట్లకు ఉరికింది. "అమ్మా, తాత రొట్టె మంచిగైందన్నడు. మస్తుందన్నడు."

చంద్రభాగ పొయ్యి దిక్కు తిరిగి ముక్కు చీదింది. పొగ, ఇంకేముంది.

పెంటప్ప ముల్లె కట్టుకున్నడు. రెండు ధోతులు, ఒక అంగీ, మగ్గం మీద పోగును అటు ఇటు ఉరికిచ్చే నాడె ఒకటి. నాడె ఎందుకు? రామన్న ఇంట్ల మగ్గమే లేదు. రామన్న మిల్లుల పని చేస్తడు. అయినా పెంటప్ప నాడెను ధోతి మడతల పెట్టి కట్టిండు. కట్టి, కూసున్నడు. కొడుకు వస్తే చెప్పి పోదామని. అన్న మాట అన్నడు గాని కొడుకు కడుపు నిండ తిని పోలేదు గదా, వాడు వచ్చినంకనే పోదామని.

కొడుకు రాలే. బయట శ్రావణం ముసురు పట్టింది. మిద్దె కంతకు చంద్రభాగ రేకు కప్పింది. మబ్బు కమ్మిందేమో, పొద్దు గూకకముందే ఇల్లు చీకటైంది.

చంద్రభాగ పొయ్యి కాడ దీపంల నూనె పోస్తున్నది. నూనె రెండు చుక్కలే ఉంది, వత్తి తడిసేటట్టు లేదు. అప్పుడు మంచం కిర్రుమన్నది.

పెంటప్ప లేచిండు. ముల్లె సంకల పెట్టుకున్నడు. అయితే నిటారుగ నిలవడలే. నడుము వంచిండు. ఎన్ని దినాల సందో పొద్దుగూకితే ఆయన గట్లనే వంగి నడుస్తడు. నడుము పట్టేసిందని చెప్తడు. అది నిజమని నమ్మి చంద్రభాగ ఇటుక వేడి చేసి బట్టల చుట్టి మంగళతోని పంపిచ్చేది, నడుముకు కాపడం పెట్టుకోమని.

పెంటప్ప వంగి, కుడి చెయ్యి చాపి, గోడ పొంటి గాలిల తడిమిండు. ఏమీ తాకలే. ఇంకొంచెం కిందికి తడిమిండు. మంచం కాలు పట్టుకొని, ఆడికెల్లి మళ్ల మొదలువెట్టి, చెయ్యి ముంగటికి చాపుకుంట ఒక్క అడుగు వేసిండు. ఆగిండు.

పక్కనే మంగళ గూడ చెయ్యి చాపి అట్లనే నిలవడ్డది. చీకటి ఇద్దరికి ఒక్కసారే కమ్మింది.

"తాతా," అన్నది పిల్ల మెల్లగ, "దారం లేదు. అమ్మ తీసేసింది గదా."

"ఔ బిడ్డా. మరిచిపోయిన."

"నా చెయ్యి పట్టుకో. ఇద్దరం కూసుందం. నీకు గూడ కనవడదని అమ్మకు చెప్పలే నేను. ఒట్టు తప్పలే."

చంద్రభాగ చేతిలకెల్లి నూనె గిన్నె జారింది. పోయింది, ఆ రెండు చుక్కలు గూడ పోయినయి.

దారం. మంగళ ఎత్తుకు కట్టిన దారం. పొడుగు మనిషి వంగి పట్టుకుంటే తప్ప అందని దారం. నడుము నొప్పి! అయ్యో దేవా, ఇటుకలు కాచి కాచి పంపిచ్చిన గదా అనుకున్నది చంద్రభాగ. నవ్వు రావాలె. ఏడుపు వచ్చింది.

ఆమె మంచం దగ్గరికి పోయింది. ఈసారి కొంగు నెత్తి మీద ఉందా లేదా తనకే తెల్వదు.

"మామా. ఎన్ని దినాల సంది?"

పెంటప్ప గొంతు వచ్చిన దిక్కు మొఖం తిప్పిండు. కొంచెం అవతలికి తిప్పిండు, ఆమె ఉన్న జాగకు గాదు.

"పిల్లకు రాకముందు సందే."

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఏం చేస్తవ్? నాకు గూడ కూర పెడ్తవ్." ఆయన మంచం మీద కూసున్నడు. "ఆ గుంతల మొలిచేది ఎంత? పిడికెడు. అండ్ల నాకింత, దానికింత అని పంచితే దానికేం మిగుల్తది? నాది ముసలి కన్ను. ఉన్నా పోయినా నడుస్తది. దానిది గట్ల గాదు గదా బిడ్డా."

గడ్డి తినుటానికి నేనేమన్న ఎద్దునా! ఎన్ని మాపులు తాటె పక్కకు జరిపిండో, ఎన్నిసార్లు చంద్రభాగ పండ్లు కొరికిందో, అన్ని ఒక్కసారే గుర్తుకొచ్చినయి.

"మరి గంజి..."

"నా గంజే అనుకున్న." పెంటప్ప చేతులు ఒళ్లె పెట్టుకొని చూసుకుంటున్నట్టు తల వంచిండు. "పది దినాల సంది నా మాపటి గంజిల సగం తాగి, సగం గుంతల పోస్తున్న. నూలు పోగు వట్టిగుంటే తెగుతది. గంజి పట్టినంకనే నిలవడి బలం చూపిస్తది. ఆ మెంతికాడ గూడ పోగంతనే ఉన్నది. దానికి బలం వద్దా అనుకున్న. నిన్న రెండు ముడుల కాడ తపేల చేతికి తాకింది. పుల్లటి వాసన వచ్చింది. అదేననుకున్న."

చంద్రభాగకు అర్థమైంది. నిన్న మాపు దత్తాత్రి నూలుగంజి చిక్కదనం చూస్తనని కుండలకెల్లి తపేలల తీసిండు. రెండు వేళ్లతోని రుద్ది చూసి, మంచిగుంది అనుకొని, తపేలను ఆడనే పెట్టి పోయిండు. మామ గంజి పెట్టే జాగల్నే. పొద్దున అంత గొంతు లేపిన మగనికి ఈ ముచ్చట చెప్పుడెట్ల?

అంతల ఇంకో మాట తట్టింది. సగం తాగి, సగం పోస్త అన్నడు.

"మామా! నిన్న తాగిండ్రా? ఆ తపేలల గంజి మీరు తాగిండ్రా?"

"లే."

"నిజం చెప్పుండ్రి!"

"లే బిడ్డా. పిల్ల నీ ముక్కుపుల్ల చూసిందని చెప్పింది గదా, ఆ సంతోషంల నిన్న నా సగం గూడ దానికే పోసిన."

చంద్రభాగ మంచం కాలు పట్టుకొని నేల మీద కూసున్నది. ఏడ్చింది. గట్టిగనే ఏడ్చింది, సుందరాబాయి విన్నా మంచిదే అన్నట్టు ఏడ్చింది. పెంటప్ప చెయ్యి గాలిల వెతికి ఆమె నెత్తి మీద పడ్డది. ఏడేండ్లల్ల మొదటిసారి. పడి, ఉండాల్నో తియ్యాల్నో తెల్వక, అట్లనే ఉన్నది.

"నన్నన్నవని నాకు కోపం లేదు," అన్నడు. "నీ పిల్ల కోసం నువ్వన్నవు. కాని పొద్దుగాల గుంత చూసినంక నాకు నోరు రాలే. పోసింది నేనే గదా. నా చెయ్యే గదా."

"పోకుండ్రి మామా."

"అమ్మా, తాతకు నేను చెప్పనా?" అన్నది మంగళ.

"వద్దు తల్లీ. నేను చెప్పిన."

చంద్రభాగ లేచి గూట్లకెల్లి దారం ఉండ తీసింది. ముడులు ఎక్కడెక్కడ ఉండాల్నో ఆమెకు సరిగ గుర్తు లేదు. తప్పు కట్టి, మంగళ చెప్తే విప్పి, మళ్ల కట్టింది. ఈసారి మంచం కాలుకు గాదు, మంచం మీది గోడ మేకుకు కట్టింది. పొడుగు మనిషి వంగకుంట పట్టుకునేటంత ఎత్తుల. మంగళకు కింద ఇంకో వరుస కట్టింది.

పెంటప్ప నిటారుగ నిలవడి దారం పట్టుకున్నడు. ఒక్క ముడి దాటిండు. రెండు ముడులు దాటిండు. మూడు ముడుల కాడ ఆగి, దండం పెట్టి, గుంత అంచున కూసొని కాళ్లు దించిండు. ఆ గుంతల ఏముందో చూసుటానికి పెంటప్పకు కండ్లు అక్కర లేదు. వాడిన కాడలను పీకి ఒక దిక్కు వేసిండు. పైమట్టిని దోసిలితోని ఎత్తి ఎత్తి గంపల పోసుడు మొదలువెట్టిండు.

చంద్రభాగ నిలవడి చూసింది. మట్టి తీస్తున్నడు. తియ్యనీ. నూలు ఎప్పుడో ఒకప్పుడు వస్తది, ఎప్పుడో ఒకప్పుడు గుంత మగ్గానికి ఇయ్యాల్సిందే. మంగళకు కూర ఏడికెల్లి తెస్త? ఆ ఆలోచన వచ్చింది గాని, ఈ పూట మామను అడుగుటానికి ఆమెకు మనసు రాలే.

అప్పుడే వాకిట్ల చెప్పుల చప్పుడైంది.

"నాయినా! ఓ నాయినా!" దత్తాత్రి ఉరికొచ్చిండు. తడిసి ముద్దైండు. భుజం మీద గోనెగుడ్డ కప్పిన ముల్లె. తను తడిసినా దాన్ని తడవనియ్యలే. "నూలు! మనకు నూలు దొరికింది నాయినా! నాలుగు నెలలకు!"

పెంటప్ప చేతులు మట్టిల ఆగినయి.

"మూడు దినాల్ల మగ్గం ఎక్కియ్యాలంట. నూలు ఇచ్చినోల్ల మనిషి వచ్చి చూస్తడంట. మగ్గం ఆడుతలేకుంటే నూలు వాపస్ తీసుకొని ఇంకో ఇంటికి ఇస్తరంట," దత్తాత్రి ఊపిరి తీసుకోకుంట చెప్పుకపోతున్నడు. పొయ్యి మంట వెలుగుల గుంతల తండ్రి కనవడ్డడు. పక్కన గంప నిండ మట్టి కనవడ్డది. దత్తాత్రి గుంత అంచుకు ఒంగిండు. "నేను పొద్దుగాల పొమ్మంటి, నువ్వు పోలేదా? గుంత ఖాళీ చేస్తున్నవా నాయినా? పున్నానికి ఆడుతది మన మగ్గం. నువ్వన్నట్టే ఆడుతది."

పెంటప్ప గుంతల మట్టిని పిడికిట్ల తీసుకొని ముక్కు కాడ పెట్టి వాసన చూసిండు. ఇంకొంచెం లోతుకు తవ్వి మళ్ల చూసిండు.

"పైమట్టే పాడైంది," అన్నడు. "కిందిది మంచిగున్నది."

తర్వాత తల ఎత్తిండు. మంగళను పిలువలే. మీ అమ్మకు చెప్పు అనలే.

"చంద్రభాగా, ఆ మెంతుల మూట ఇటు తే బిడ్డా. మళ్ల చల్లుదం."

చంద్రభాగ మగని దిక్కు చూసింది, మామ దిక్కు చూసింది. గూట్లకు పోయి మూట తెచ్చింది. అండ్ల ఉన్నవి ఒక్క పిడికెడు మెంతులే.

పెంటప్ప చెయ్యి చాపిండు. ఆమె కుడిదిక్కు నిలవడ్డది. చెయ్యి ఎడమదిక్కు చాపిండు.

చంద్రభాగ ఆ చెయ్యి పట్టుకొని తన దిక్కు తిప్పుకున్నది. మట్టి అంటిన అరచేతిల మెంతులు పోసి, వేళ్లు మూసింది.

దత్తాత్రి ఆ చెయ్యిని చూసిండు, అది వెతికిన దిక్కును చూసిండు. "నాయినా, నీ కండ్లకు ఏమైంది?" అన్నడు.

భుజం మీది నూలు ముల్లె ఇంక దించలే.